రెండేళ్ల పాప నోరు తెరవనంటే పళ్ళు తోమేదెలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. బ్రష్ కనబడగానే పెదాలు బిగించేస్తుంది, బలవంతం చేస్తే ఏడుస్తుంది, నోట్లో పడిన పేస్ట్ మింగేస్తుంది. మింగుతుందన్న భయంతో ఫ్లోరైడ్ లేని పేస్ట్ వాడుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో "ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా, దాన్నెందుకు ఏడిపిస్తావు" అంటున్నారు. రోజూ ఈ గొడవ పడాలా, కాస్త పెద్దయ్యాక మొదలుపెడితే సరిపోదా అన్నది మీ సందేహం.

చిన్నపిల్లల పళ్ళ డాక్టరుగా చాలా ఏళ్లుగా ఈ వయసు పిల్లలనే చూస్తున్నాను కాబట్టి నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆగకండి. మొదటి పన్ను కనబడినప్పటి నుంచి రోజుకు రెండుసార్లు పళ్ళు తోమాలి. అయితే ఈ వయసులో అది పాప పని కాదు, మీ పని. రోజూ అదే వేళకు, అదే చోట అమ్మో నాన్నో తోముతారు, కాసేపట్లో అయిపోతుంది, నొప్పి ఉండదు అని పాపకు నమ్మకం కుదిరితే ఈ వయసుకు అదే అలవాటు. తనంతట తాను తోముకోవడం చాలా ఏళ్ల తర్వాతి సంగతి. నేను చూసినంతలో, రెండేళ్ల పిల్లలు నోరు తెరవకపోవడానికి మొండితనం కంటే తోమే పద్ధతే ఎక్కువసార్లు కారణం. అందుకే పాపను మార్చే ప్రయత్నానికి ముందు పద్ధతి మార్చి చూడండి.

ముందు ఆ "ఊడిపోయే పళ్ళ" సంగతి. ముందు పళ్ళు ఆరేడేళ్లకు ఊడే మాట నిజమే. కానీ వెనక దవడ పళ్ళు పది నుంచి పన్నెండేళ్ల దాకా ఉండాలి. మీ పాపకు ఇప్పుడిప్పుడే వస్తున్న చివరి దవడ పళ్ళతో తను ఇంకా ఎనిమిది తొమ్మిదేళ్లు నమలాలి. దాదాపు ఆరేళ్లకు వాటి వెనకే మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. ముందున్న పాలపన్ను పుచ్చిపోయి తొందరగా తీసేయాల్సి వస్తే ఈ పెద్ద పన్ను ముందుకు జరిగి ఆ ఖాళీలోకి వస్తుంది. అప్పుడు ఆ చోట రావాల్సిన పన్నుకు జాగా చాలదు. అది వంకరగా రావచ్చు, లోపలే ఇరుక్కుపోవచ్చు. పైగా పాలపళ్ళ ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, శాశ్వత పళ్ళ ఎనామిల్‌లో దాదాపు సగం మందమే ఉంటుంది. పుచ్చు ఒకసారి మొదలైతే లోపలి నరం దాకా త్వరగా వెళ్ళిపోతుంది. రెండు మూడేళ్ల పిల్లలు పన్ను నొప్పి అని చెప్పలేరు కూడా. తిండి తగ్గిస్తారు, ఒక వైపే నములుతారు, రాత్రిళ్ళు లేచి ఏడుస్తారు. కదలకుండా కూర్చోలేని వయసు కాబట్టి వైద్యానికి కొన్నిసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఇది మీ పెద్దవాళ్ళకు నెమ్మదిగా చెప్పండి. పాప ఏడవకూడదన్నదే వాళ్ళ బాధ, రేపు ఇంతకంటే ఎక్కువ ఏడవాల్సి వస్తుందని తెలిస్తే వాళ్ళే మీకు సాయం వస్తారు.

ఇక నోరు తెరవకపోవడం. పాప పై పెదవిని నెమ్మదిగా పైకెత్తి చూడండి. పెదవి లోపలి నుంచి ముందు పళ్ళ పైనున్న చిగురు దాకా సన్నని కండ పోగు ఒకటి కనబడుతుంది. అది చాలా సున్నితమైన చోటు. బ్రష్ అంచు దానికి తగిలితే చురుక్కుమంటుంది. పెదవి ఎత్తకుండా బ్రష్‌ను లోపలికి దూర్చి అటూ ఇటూ రుద్దితే ప్రతిసారీ సరిగ్గా అక్కడే తగులుతుంది. పాప బ్రష్ చూడగానే పెదాలు బిగించడం ఆ నొప్పి గుర్తుండటం వల్ల కావచ్చు. దీనికి ఉపాయం సులువు. మీ చూపుడు వేలిని పెదవి కిందికి పోనిచ్చి, వేలి కొసతో ఆ పోగును కప్పి ఉంచండి. బ్రష్ మీ వేలి కిందే కదలాలి. బ్రష్ జారినా మీ వేలికే తగులుతుంది. ఎంతోమంది తల్లిదండ్రులకు ఈ ఒక్కటి చూపించాకే గొడవ సగానికి తగ్గింది.

రెండోది, ఎదురుగా నిలబడి తోమకండి. ఎదురుగా ఉంటే మీకు పై పళ్ళు సరిగ్గా కనబడవు. మీరు బ్రష్ ముందుకు తెచ్చిన కొద్దీ తను తల వెనక్కి లాక్కుంటుంది, ఆ కదలికలో బ్రష్ చిగురుకు గుచ్చుకుంటుంది. దానికి బదులు మీరు మంచం మీదో నేల మీదో కూర్చుని, పాపను పడుకోబెట్టి తల మీ ఒడిలో పెట్టుకోండి. పైనుంచి చూస్తే పళ్ళన్నీ కనబడతాయి, తల కదలకుండా ఆనుకుని ఉంటుంది, తనకు మీ ముఖం కనబడుతుంది. వెలుతురు బాగా పడే చోటు చూసుకోండి. బాత్రూమ్‌లోనే తోమాలన్న నియమం ఏమీ లేదు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటే ఇంకా సులువు. ఇద్దరూ మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చోండి. పాపను ఒకరి ఒడిలో, వాళ్ళకే అభిముఖంగా, కాళ్ళు వాళ్ళ నడుముకు అటూ ఇటూ వచ్చేలా కూర్చోబెట్టి, మెల్లగా వెనక్కి వాల్చితే తల రెండోవాళ్ళ ఒడిలోకి వస్తుంది. ఒకరు చేతులు పట్టుకుని కబుర్లు చెబుతుంటే రెండోవాళ్ళు తోమేయవచ్చు. మేము క్లినిక్‌లో చిన్నపిల్లల నోరు చూసేదీ ఇలాగే.

పళ్ళు బిగించుకుంటే కంగారు పడకండి. బిగించిన పళ్ళకు కూడా బయటి వైపు హాయిగా తోమవచ్చు. లోపలి వైపు తోమాల్సి వచ్చినప్పుడు చూపుడు వేలిని చెంప లోపలి నుంచి వెనక్కి పోనిచ్చి, చివరి పన్ను వెనకనున్న చిగురు మీద మెల్లగా నొక్కండి. నోరు దానంతటదే తెరుచుకుంటుంది. వేలు చెంప వైపే ఉండాలి, పళ్ళ మధ్యకు మాత్రం రానివ్వకండి.

బ్రష్ తల చిన్నగా, బ్రిసిల్స్ బాగా మెత్తగా ఉంటే చాలు, బొమ్మలూ లైట్లూ మీ ఇష్టం. చిగురు, పన్ను కలిసే గీత దగ్గర బ్రష్ ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. పాచి ఎక్కువగా పేరుకునేది ఆ గీత వెంటే. గట్టిగా నొక్కితే బాగా శుభ్రమవుతుందనుకోవద్దు, పాచి మెత్తటిది, తేలికగానే పోతుంది. బ్రిసిల్స్ విచ్చుకుపోతే వెంటనే, లేకపోయినా మూడు నెలలకోసారి బ్రష్ మార్చండి. పాప కొరికి బ్రష్ పాడుచేస్తుంటే తనకొకటి, మీరు తోమడానికొకటి ఉంచండి.

తోమే వరుస గురించి కూడా ఒక మాట. రెండు నిమిషాలు తోమాలని అందరూ అంటారు, అది మంచి లక్ష్యమే. కానీ రెండేళ్ల పిల్ల ఓపిక ఎప్పుడు అయిపోతుందో చెప్పలేం, కాబట్టి ప్రమాదం ఎక్కువున్న పళ్ళతోనే మొదలుపెట్టండి. ముందుగా పై ముందు పళ్ళు, చిగురు గీత వెంట. తర్వాత దవడ పళ్ళ పైనున్న సన్నని గాడులు, వాటి చెంప వైపు. కింది ముందు పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది, అక్కడ లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, అందుకే అవి చివరగా పుచ్చుతాయి. చాలామంది తోమడం మొదలుపెట్టేది మాత్రం సరిగ్గా ఆ కింది పళ్ళతోనే, ఎందుకంటే చేతికి అందేవి అవే. పై దవడ పళ్ళ దగ్గరికి వచ్చేసరికి పాప లేచి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు పేస్ట్. మీ భయం నాకు అర్థమైంది, కానీ ఈ విషయంలో నేను మీతో ఏకీభవించను. ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడండి. మనం తిన్న పిండిపదార్థాలనూ చక్కెరనూ నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత పీహెచ్, అది తగ్గిందంటే ఆమ్లం పెరిగినట్టు. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ నుంచి ఖనిజాలు కరిగిపోవడం మొదలవుతుంది. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి ఖనిజాలను మళ్ళీ పంటిలోకి చేరుస్తుంది. రోజంతా ఈ పోవడం, రావడం నడుస్తూనే ఉంటుంది. ఫ్లోరైడ్ చేసే పనల్లా తిరిగి చేరడాన్ని త్వరపెట్టడం, అలా చేరిన పొరను ఆమ్లానికి తేలిగ్గా కరగకుండా చేయడం. వట్టి బ్రష్ పాచిని తీస్తుంది గానీ ఈ పని చేయలేదు.

మింగడం సంగతి కొలత మీద ఆధారపడి ఉంటుంది. మూడేళ్లు నిండే దాకా బియ్యపు గింజంత పేస్ట్, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. ట్యూబ్ మీద ఫ్లోరైడ్ ఎంతుందో చూడండి, 1000 పీపీఎం అని ఉంటే గ్రాము పేస్ట్‌లో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నట్టు. బియ్యపు గింజంత పేస్ట్ సుమారు 0.1 గ్రాము తూగుతుంది కాబట్టి అందులో ఉండేది 0.1 మిల్లీగ్రాము. పాప రెండుపూటలా మొత్తం మింగేసినా 0.2 మిల్లీగ్రాములు. ఆ మోతాదుతో భయం లేదు. ఇబ్బంది వచ్చేదల్లా ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిండా పేస్ట్ వేసి, అది రోజూ కడుపులోకి పోతున్నప్పుడు. ఈ వయసులో శాశ్వత ముందు పళ్ళు చిగురు లోపల తయారవుతుంటాయి, ఫ్లోరైడ్ ఎక్కువైతే వాటి మీద తెల్లటి మచ్చలు రావచ్చు. అందుకే పేస్ట్ ఎప్పుడూ మీరే వేయండి, ట్యూబ్ పాప చేతికి అందని చోట పెట్టండి. మీరు తాగే నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే మాత్రం ఆ మాట మీ డాక్టరుకు చెప్పి, వాళ్ళ సలహా ప్రకారం నడవండి.

పుక్కిలించమని పట్టుబట్టకండి. ఈ వయసులో రాదు. ఉమ్మడం కూడా చాలామందికి మూడేళ్ల ప్రాంతంలో వస్తుంది. అప్పటి దాకా నోట్లో మిగిలిన నురగను శుభ్రమైన తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఉమ్మడం వచ్చాక కూడా నీళ్ళతో నోరు కడిగేయకుండా ఉమ్మి వదిలేయడమే మేలు, కొద్దిగా ఫ్లోరైడ్ పళ్ళ మీద నిలుస్తుంది. కొంతమంది పిల్లలకు పుదీనా ఘాటు మంటలా అనిపిస్తుంది, కొందరికి నురగ ఎక్కువైతే వాంతి వచ్చినట్టవుతుంది. మీ పాప పేస్ట్ లేకుండా వట్టి బ్రష్ అయితే ఒప్పుకుంటుందేమో ఒకరోజు పరీక్షించండి. ఒప్పుకుంటే గొడవ బ్రష్‌తో కాదు, పేస్ట్ రుచితో. ఫ్లోరైడ్ ఉండి, ఘాటు తక్కువగా, నురగ తక్కువగా వచ్చే పేస్ట్‌కు మారండి.

రెండు పూటల్లో ఏది ముఖ్యమని అడిగితే, రాత్రిదే అంటాను. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్ళ మీద మిగిలిన పాలూ తీపీ గంటల తరబడి అలాగే ఉంటాయి. పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు పై ముందు పళ్ళు పుచ్చడం మేము తరచూ చూసేది ఇందుకే. పాలు తాగాక తోమాలి, తోమాక మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదు. సీసాతోనే నిద్రపోయే అలవాటు ఉంటే ఆ పాలను ముందుకు జరపండి, పడకలోకి సీసా కావాలని పట్టుబడితే అందులో నీళ్ళు పోయండి. రాత్రిపూట ఏదైనా సిరప్ వేయాల్సి వస్తే అదీ తోమకముందే వేయండి, చాలా సిరప్‌లలో చక్కెర ఉంటుంది.

అయితే రాత్రి తోమడం అంటే నిద్ర ముంచుకొచ్చాక తోమడం కాదు. చాలా ఇళ్లలో గొడవ అయ్యేది అప్పుడే. పాప కళ్ళు నులుముకుంటున్నప్పుడు ఏ పని చేయబోయినా ఏడుస్తుంది. రాత్రి భోజనం, పాలు అవ్వగానే, ఇంకా హుషారుగా ఉన్నప్పుడే తోమేయండి. తోమాక పాపకు ఇష్టమైనది ఏదో ఒకటి ఉండాలి, కథో పాటో కాసేపు ఆటో. బహుమతిగా ఇవ్వడం కాదు, రోజూ ఆ వరుసలోనే జరగడం. ఆ వరుస స్థిరపడితే "తోమాక కథ" అని పాపే గుర్తుచేస్తుంది.

ఇక పాప మనసు సంగతి. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య పిల్లలకు "నేనే చేస్తాను", "వద్దు" అన్నవి ఇష్టమైన మాటలు. ఆ పట్టుదల ఎదుగుదలలో భాగం, దాన్ని అణచాల్సిన పనిలేదు. ఏది తన చేతిలో ఉంది, ఏది లేదు అన్నది మాత్రం మీరు స్పష్టంగా ఉంచాలి. "బ్రష్ చేద్దామా?" అని అడిగితే "వద్దు" అనే జవాబును మీరే చేతికిచ్చినట్టు. "బ్రష్ టైమ్ అయింది. ఎర్ర బ్రష్ కావాలా, నీలం బ్రష్ కావాలా?" అనండి. అమ్మ తోమాలా, నాన్న తోమాలా? మంచం మీదా, చాప మీదా? ఇలా రెండేసి మాత్రమే ఇవ్వండి, ఎక్కువైతే తేల్చుకోలేక చిరాకు పడుతుంది. ఏదీ చెప్పకపోతే "సరే, ఈసారి నేను ఎంచుతాను" అని మొదలుపెట్టేయండి.

ముందు తన వంతు, తర్వాత మీ వంతు అన్న పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. తన బ్రష్‌తో తను కాసేపు నమలనివ్వండి, అద్దంలో చూసుకోనివ్వండి, బొమ్మకు తోమనివ్వండి, మీ పళ్ళు కూడా తోమనివ్వండి. మీరు రోజూ తన ముందే పళ్ళు తోముకోండి, పిల్లలు మనం చెప్పింది కాకుండా మనం చేసేదే చేస్తారు. తర్వాత "ఇప్పుడు అమ్మ వంతు". మీ వంతు ఎప్పుడు అయిపోతుందో తనకు తెలియాలి, అందుకే ప్రతి చోటా నెమ్మదిగా అయిదు లెక్కపెట్టండి, లేదా రోజూ ఒకే పాట పాడండి. పాట అయిపోగానే బ్రష్ బయటికి తీసేయాలి. ఇంకొక్క నిమిషం అని పొడిగిస్తే ఆ నమ్మకం పోతుంది. ఫోన్‌లో వీడియో పెట్టి తోమడం గురించి చాలామంది అడుగుతారు. మరీ కష్టమైన వారంలో ఫర్వాలేదు గానీ, వీడియో లేకపోతే నోరు తెరవని స్థితికి రాకముందే పాటకు మారిపోండి.

ఒక జాగ్రత్త. నోట్లో బ్రష్‌తో పాపను నడవనివ్వకండి, పరుగెత్తనివ్వకండి. పడితే బ్రష్ అంగిట్లోకో గొంతులోకో గుచ్చుకుంటుంది, ఆ గాయాలు తీవ్రంగా ఉంటాయి. తోమేటప్పుడు కూర్చోవాలి లేదా పడుకోవాలి, అంతే.

అన్నీ చేసినా ఏడ్చే రోజులు వస్తాయి. అప్పుడు పట్టుకుని తోమవచ్చా? నా అభిప్రాయం: మెత్తగా, కొద్దిసేపు, కోపం లేకుండా పట్టుకోవచ్చు. డైపర్ మార్చేటప్పుడు పిల్ల గింజుకుంటే మార్చకుండా వదిలేయం కదా. "నీకు నచ్చలేదని తెలుసు, పళ్ళు శుభ్రం చేయాలి, అయిదు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అని మామూలు గొంతుతో చెప్పి, పై ముందు పళ్ళు, దవడ పళ్ళు గబగబా తోమేసి, ఎత్తుకోండి. ఏడుస్తున్నప్పుడు నోరు బాగా తెరుచుకునే ఉంటుంది, పని త్వరగా అవుతుంది. మీకు కోపం వస్తోందనిపిస్తే మాత్రం ఆపేయండి. ఇంకొకరికి అప్పగించండి, లేదా పది నిమిషాలాగి మళ్ళీ రండి. జ్వరంతో నీరసంగా ఉన్న రోజు తడి గుడ్డతో తుడిచినా సరే. ఒక పూట సగమే తోమగలిగితే దాని గురించి టెన్షన్ పడకండి, మరుసటి పూట సరిచేసుకోవచ్చు. "నోరు తెరవకపోతే డాక్టర్ సూది వేస్తాడు" అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. రేపు నిజంగా నా కుర్చీలో కూర్చోవాల్సి వచ్చినప్పుడు ఆ భయం పోగొట్టడం చాలా కష్టమవుతుంది. మిఠాయి ఆశ చూపి తోమడం కూడా వద్దు.

మామూలుగా తోమించుకునే పిల్ల ఉన్నట్టుండి మొరాయిస్తే కారణం వెతకాలి. మీ పాప వయసులో చివరి దవడ పళ్ళు వచ్చే సమయం, అవి రెండు నుంచి మూడేళ్ల లోపు వస్తాయి. చిగురు వాచి ఉంటే తోమే ముందు చల్లటి నీళ్ళలో తడిపిన శుభ్రమైన గుడ్డను కాసేపు నమలనివ్వండి. నొప్పి తెలియకుండా చేస్తామని అమ్మే బెంజొకెయిన్ జెల్‌లు రెండేళ్ల లోపు పిల్లలకు అసలు వాడకూడదు, ఆ తర్వాత కూడా డాక్టరు చెప్పకుండా వద్దు. నోటి పూత ఉందేమో చూడండి. తోమేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం కనబడితే చాలామంది భయపడి ఆపేస్తారు. పాచి పేరుకుని చిగురు వాచినప్పుడే సాధారణంగా అలా వస్తుంది, మెత్తగా తోమడం కొనసాగిస్తే తగ్గుతుంది. వారం పది రోజులకూ తగ్గకపోతే చూపించండి. కొంతమంది పిల్లలకు నోట్లో ఏది తగిలినా భరించలేని స్వభావం ఉంటుంది. తల దువ్వడం, గోళ్ళు తీయడం కూడా ఇలాగే కష్టంగా ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అలాంటివాళ్ళకు మొదట వేలికి చుట్టిన తడి గుడ్డతో, తర్వాత వట్టి బ్రష్‌తో, మరీ మెల్లగా వెళ్ళాలి.

ఎంతకాలం మీరే తోమాలి? ఏడెనిమిదేళ్ల దాకా. చేతి వేళ్ళకు ఆ నేర్పు అప్పటికి గానీ రాదు. ఐదేళ్ల పిల్ల తనంతట తాను తోముకుంటే సంతోషించండి, ఆ తర్వాత మీరు ఒకసారి తోమండి. పక్కపక్క దవడ పళ్ళు ఒకదానికొకటి ఆనుకున్నాక వాటి మధ్యకు బ్రష్ వెళ్ళదు, అక్కడ రోజుకోసారి ఫ్లాస్ దారం తిప్పాలి. పళ్ళ మధ్య సందులుంటే అది అక్కర్లేదు.

పాపను ఇంతవరకు పళ్ళ డాక్టరుకు చూపించలేదని రాశారు. మొదటి పుట్టినరోజులోపే ఒకసారి చూపించాలన్నది మేము చెప్పేది, కాబట్టి ఇప్పుడు ఇంకా ఆలస్యం చేయకండి. నొప్పి లేనప్పుడు వెళ్తేనే పాపకు ఆ చోటు భయం లేకుండా పరిచయమవుతుంది. మీరు ఇంట్లో తోమినట్టే అక్కడ తోమి చూపించండి, ఏది మారాలో వాళ్ళు అక్కడికక్కడే చెప్పగలరు. అవసరమనిపిస్తే పళ్ళకు ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత పూస్తారు, నిమిషాల్లో అయిపోయే పని, నొప్పి ఉండదు.

ఈ రాత్రి పాప తల ఒడిలో పెట్టుకున్నప్పుడు ముందు పై పెదవి ఎత్తి, మంచి వెలుతురులో చిగురు గీత వెంట చూడండి. తుడిచినా పోని సుద్దలాంటి తెల్లటి గీత కనబడితే అది పుచ్చు తొలి దశ. ఆ దశలో ఫ్లోరైడ్‌తో, రాత్రి పాల సీసా మానేయడంతో దాన్ని ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు. గోధుమ రంగో నలుపో కనబడినా, చిన్న గుంటలా ఉన్నా ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఏమీ లేకపోతే నెలకోసారి అలాగే పెదవి ఎత్తి చూస్తూ ఉండండి.